అయిదేండ్ల ప్రణాళికకు ముందు నీళ్ల లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వచ్చే అయిదేండ్లలో మన నివాసుల సంఘం ఏమేం చేయాలి, ఏది ముందు, ఏది వెనుక అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని మమ్ములను కోరినారు. భోజనాల ముందు మాట్లాడేవాళ్లు క్లుప్తంగా మాట్లాడాలని మాకు తెలుసు. అయితే ఇందులో లెక్కలున్నయి గనుక కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ప్రణాళిక అనగానే మన సంఘాలలో ఒక కాగితం తయారవుతుంది. సీసీ రోడ్డు, మురుగు కాలువ, వీధి లైట్లు, షాదీఖానా, కబరస్తాన్ ప్రహరీ, ఈద్గా చదును, కుట్టు మిషన్లు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు. అన్నీ కావలసినవే, ఒక్కటీ కొట్టివేయదగినది కాదు. కానీ పన్నెండు పనులు రాసి పన్నెండింటి ఎదుటా ‘త్వరలో’ అని రాస్తే దాన్ని దరఖాస్తు అనవచ్చునేమో గాని ప్రణాళిక అనలేము. ఏ పని ఆగితే మిగతావన్నీ ఆగుతాయో ఆ పని ముందు పట్టుకోవాలి. మా దృష్టిలో అది నీళ్లు. ఎందుకో చెబుతాము.

మనం వుండే చోటు సంగతి మీకు తెలియనిది కాదు. ఇది పూర్తిగా పట్నమూ కాదు, పూర్తిగా పల్లె కాదు. నల్లగొండ చుట్టుపక్కల చూసినా, మహబూబ్‌నగర్ – జడ్చర్ల దారిన చూసినా ఇదే వరస. నిన్నటి కంది చేనులో ఇవ్వాళ ప్లాట్ల రాళ్లు పాతి వున్నయి. గోడకు ఇవతల ఇల్లు, అవతల వరి మడి. ఇంటాయనకు ఒక బోరు, రైతుకు ఒక బోరు. ఇద్దరి పైపులూ దిగింది ఒకే రాతి పొరలోకి. ఎండాకాలం వచ్చేసరికి ఇంటాయన, “రైతులు నీళ్లన్నీ గుంజేస్తున్నరు” అంటాడు. రైతు, “కాలనీలొచ్చినంక మా బోరు ఎండింది” అంటాడు. ఇద్దరి దగ్గరా కొలత లేదు. కొలత లేని తగాదాకు పంచాయితీ చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన పెద్దల కాలంలో ఈ కొలత వుండేది. ఇక్కడ కూర్చున్న వయసు మళ్లినవారికి ఆబి, తాబి అనే మాటలు గుర్తుండి వుంటాయి. వానాకాలపు తరి పంట ఆబి, యాసంగి తరి పంట తాబి. తాబికి ముందు చెరువులో ఎంత నీరు నిలిచివున్నదో చూసి, ఈసారి ఆయకట్టులో ఇన్ని ఎకరాలకే నీళ్లు అని ఖరారు చేసేవారు. దాన్ని తైబందీ అనేవారు. చెరువు నిండితే అందరికీ, సగమే వుంటే సగం భూమికి. తూము తెరిచి మూసే పని నీరటికాడిది. ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో వుండేది. ఆ ఏర్పాటులో అన్యాయాలు లేవని మేము చెప్పబోవడం లేదు. పెద్ద పట్టాదారు మడికి నీళ్లు ముందు పారిన రోజులు వున్నయి. అయినా చెరువు నీరు అందరి కంటికీ కనిపించేది. కట్ట మీద నిలబడితే ఎంత వున్నదో పశువుల కాపరి పిల్లవాడికి కూడా తెలిసేది. అందుకే తైబందీ సాధ్యమైంది.

బోరు నీరు కంటికి కనిపించదు. కష్టమంతా ఇక్కడే వచ్చింది. మోట బావులు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, బావులు ఎండి బోర్లు వచ్చాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది ఇరవై నాలుగు గంటలైంది. రైతుకు రాత్రిపూట పొలం గట్టున పాము భయంతో పడిగాపులు పడే బాధ తప్పింది, అది చిన్న మేలు కాదు. కానీ ఆటో స్టార్టరు పెట్టిన మోటారు మనిషి లేకున్నా నడుస్తుంది. మడి నిండినా నడుస్తుంది. ఆ స్టార్టర్లు తీసివేయమని సర్కారే రైతులను కోరవలసి వచ్చింది.

నల్లగొండ దగ్గరి ముషంపల్లి గురించి పత్రికా రచయిత పి. సాయినాథ్ 2004 ప్రాంతంలో రాశారు. సాగు భూమి రెండు వేల ఎకరాలు, తవ్విన బోర్లు ఆరు వేలకు పైన. వూళ్లో మనుషుల కన్నా బోర్లే ఎక్కువ! వాటిలో చాలా మటుకు ఎండినవే. ఒక్కొక్క బోరు వెనుక ఒక అప్పు. పక్కవాడు రెండు వందల అడుగులు పోతే మనం మూడు వందలు పోవాలి, మనం పోతే అతడు నాలుగు వందలు పోతాడు. చివరికి గెలిచేది బోరు బండి యజమాని ఒక్కడే.

నీటి మంచి చెడ్డలు కూడా మన జిల్లాలకు చేదు అనుభవమే. మర్రిగూడ ప్రాంతపు బట్లపల్లిలో 1945లోనే ఫ్లోరైడు సంగతి బయటపడింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదంటారు. అది దాటిన నీళ్లు తాగి వంగిపోయిన వెన్నులు, వంకర తిరిగిన కాళ్లు మనం కళ్లారా చూసినవే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూరు ‘నీరీ’ శాస్త్రజ్ఞులు కనిపెట్టినారు. దానికి మన జిల్లా పేరే పెట్టి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. అలాంటి పేరు రావడం గొప్పగా చెప్పుకొనే విషయం కాదు గాని, చరిత్ర అట్లా వున్నది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ వల్ల నదుల నీరు పైపుల్లో వచ్చింది. ఫ్లోరైడు పీడిత ఆవాసాలు తెలంగాణలో లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. తాగే నీటికి ఆ మేలు జరిగింది. అయితే బిందె నిండినంత మాత్రాన బోరు నిండదు. పొలమూ, పశువులూ, ఇంటి వాడకంలో చాలా భాగమూ ఇంకా కింది నీటి మీదనే ఆధారపడి వున్నయి.

ఇక అసలు సంగతికి వస్తాము. కంటికి కనిపించని నీటికి తైబందీ చేయవచ్చునా? చేసి చూసినవారు వున్నారు, అదీ మన జిల్లాల్లోనే. 2003లో మొదలై 2010 వరకు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా నెదర్లాండ్స్ ఇచ్చిన డబ్బుతో ఒక పథకం నడిచింది. రైతులు తామే నడుపుకొనే భూగర్భ జల వ్యవస్థలని దాని పేరుకు అర్థం, పొడి అక్షరాలలో ‘ఏపీఫామ్స్’ అనేవారు. ఉమ్మడి రాష్ట్రంలో కరువు ఎక్కువగా వుండే ఏడు జిల్లాలను తీసుకున్నారు: అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మన నల్లగొండ, మన మహబూబ్‌నగర్. ఆరు వందలకు పైగా గ్రామాలు.

అందులో ఇంజనీరు పని తక్కువ, రైతు పని ఎక్కువ. వూరిలో కొన్ని బావులను, బోర్లను పరిశీలనకు ఎంచుకున్నారు. పదిహేను రోజులకు ఒకసారి రైతులే టేపు దింపి నీటి మట్టం ఎన్ని మీటర్ల లోతున వున్నదో చూసేవారు. వానమాపకం దగ్గర వాన పడిన ప్రతి పొద్దునా లెక్క రాసేవారు. ఆ అంకెలను దఫ్తరులో దాచకుండా నలుగురూ నడిచే చోట బోర్డు మీద రాసేవారు. ఆడవాళ్లూ, మగవాళ్లూ కలిసి కమిటీలో వుండేవారు. ఒకే వాగులోకి నీళ్లు పారే వూళ్లన్నీ కలిసి మళ్లీ ఒక పెద్ద కమిటీ. ఎందుకంటే రాతి పొరకు సర్పంచు ఎవరో తెలియదు, రెవెన్యూ హద్దు అంతకన్నా తెలియదు.

వానలు వెనక్కి తగ్గినాక, ఇంచుమించు అక్టోబరులో, యాసంగి విత్తనం వేయకముందు అందరూ కూర్చునేవారు. ఈ ఏడు ఇంత వాన పడింది, భూమిలోకి ఇంత దిగి వుంటుంది, మనం వేద్దామనుకొంటున్న పంటలకు ఇంత కావాలి, మిగులా తగులా? అందరి ముందు ఆ లెక్క కట్టేవారు. అంతే. ఆ తర్వాత ఎవరి ఇష్టం వారిది. వరి వేయరాదని హుకుం లేదు, వేసినవారికి జుర్మానా లేదు, మానినవారికి ఇనాము లేదు. తగులు అని తెలిసిన రైతు తనంతట తాను వరి కొంత తగ్గించి వేరుశనగో, కందో, కూరగాయలో వేసుకొనేవాడు.

దీని ఫలితాన్ని ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదికలో చెప్పింది. అరవై పైచిలుకు వాగు పరీవాహకాలలో నూటికి 42 చోట్ల మూడేండ్ల పాటు వరుసగా యాసంగి వాడకం తగ్గింది. 51 చోట్ల ఒక ఏడు తగ్గి ఒక ఏడు తగ్గలేదు. పెరిగినవి 7. పోలీసు లేకుండా, డబ్బు ఆశ చూపకుండా ఇంత మాత్రం జరగడం మామూలు విషయం కాదు.

రెండో వైపు కూడా చెప్పకపోతే అది ప్రచారం అవుతుంది. 2012లో వచ్చిన ఒక పరిశీలన ఈ విజయాన్ని అంత తేలికగా ఒప్పుకోలేదు. పథకం డబ్బు ఆగాక కొలిచే పని చాలా చోట్ల సన్నగిల్లింది. అంచనా ప్రకారం పంట మార్చుకోవడానికి రైతుకు వేరే కారణాలు కూడా అడ్డం వస్తాయి. వరికి కొనుగోలు కేంద్రం వున్నది, ధర వున్నది. జొన్నకు, ఆముదానికి అంత భరోసా ఎక్కడిది? కాబట్టి కాలనీలో కూర్చుని, మోటారు తిప్పుకొని స్నానం చేసినవాళ్లం రైతుకు వరి మానమని నీతులు చెప్పే అర్హత మనకు లేదు. లెక్క మాత్రం ఇద్దరం కలిసి కట్టవచ్చును.

ఆ లెక్క ఎట్లా వుంటుందో ఒకటి చేసి చూపిస్తాము. పలక మీద వేసినంత సులువైనదే. ఒక వూరికి అన్నీ కలిపి 2,400 ఎకరాల నేల వున్నదనుకోండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మామూలు ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన. నల్లగొండలో మరికొంత ఎక్కువ. మన నల్లరాతి నేలలో ఆ వానలో రమారమి పదో వంతు భూమిలోకి దిగుతుంది, అంటే 60 మిల్లీమీటర్లు. ఒక పంట వరికి దగ్గర దగ్గర 1,200 మిల్లీమీటర్లు కావాలి. 60 ఎక్కడ, 1,200 ఎక్కడ? ఒక ఎకరం వరి తాగే నీటిని ఇరవై ఎకరాల నేల కలిసి ఇంకించుకోవాలి. 2,400 ఎకరాల వూరు బోర్ల కింద 120 ఎకరాల వరి మోయగలదు, అదీ మనం ఒక్క బిందె కూడా తోడుకోకుండా వుంటే. మడిలో నిలిచిన నీరు కొంత తిరిగి కిందికి దిగుతుంది. చెరువులు, చెక్‌డ్యాములు కొంత కలుపుతాయి. అవి వేసుకున్నా 120 కాస్తా 150 అవుతుందేమో గాని 500 కాదు.

మరి మన వాటా ఎంత? రెండు వేల మంది జనాభా, తలకు రోజుకు నూరు లీటర్లు, ఏడాదికి 7 కోట్ల 30 లక్షల లీటర్లు. వినడానికి సముద్రంలాగా వున్నది. కానీ అది పదిహేను ఎకరాల వరి తాగే నీరు, అంతే. కనుక “కాలనీల వల్లనే బోర్లు ఎండినయి” అన్న మాట లెక్కకు నిలవదు. అట్లాగని కాలనీవాళ్లం చేతులు దులుపుకొనేందుకూ వీలు లేదు. ఇంకే నేలను మనమే సిమెంటుతో కప్పినాము. ఇంటి ముందరా, వాకిట్లో, సందులో అంతా కప్పడమే. పడిన వాన మురుగు కాలువలో కలిసి ఆ పూటే వెళ్లిపోతున్నది.

నూరు చదరపు మీటర్ల డాబా, అంటే సుమారు నూట ఇరవై గజాలు, తీసుకోండి. 600 మిల్లీమీటర్ల వాన దాని మీద 60 వేల లీటర్లు కురుస్తుంది. నష్టం పోగా 48 వేలు చేతికి వచ్చినా అయిదుగురున్న ఇంటికి మూడు నెలల వాడకం. ఎండాకాలంలో మన ఆడవాళ్లు ట్యాంకరు కోసం ఎదురుచూసే రోజులు ఎన్ని? ఆ మూడు నెలలేనా కాదా, వాళ్లనే అడగండి. మగవాళ్లను అడిగితే జవాబు సరిగా రాదు.

మసీదు విషయం కూడా ఒకటి వున్నది. పారే వాగు ఒడ్డున వజూ చేసినా నీరు వృథా చేయరాదన్న మాట మనం చిన్ననాటి నుంచి విన్నదే. వజూ నీరు సబ్బు కలవని నీరు. అయిదు పూటలా, జుమా నాడు మరింతగా, మోరీలో పోతున్నది. దాన్ని ఒక చిన్న కాలువ తీసి ఇంకుడు గుంతలోకో, కబరస్తాన్ చెట్లకో మళ్లిస్తే ఖర్చు ఎంత? షాదీఖానా గేటుకు వేసే రంగు ఖర్చు కాదు.

ఇప్పుడు ప్రణాళిక మాటకు వద్దాము. మేము చెప్పేదేమంటే, మొదటి ఏడు కొత్త కట్టడం ఏదీ తలపెట్టవద్దు. స్కాలర్‌షిప్పులు మాత్రం ఆపరాదు. మిగతా డబ్బు బ్యాంకులో వుండనివ్వండి. ఆ ఏడంతా కొలతలే. కాలనీలో ఒకటి, పొలాల్లో రెండు పాత బావులో, మోటారు తీసేసిన బోర్లో ఎంచుకొందాము. అవి మూత లేకుండా వుంటే ముందు మూత వేయించాలి, పిల్లలు పడిన సంగతులు ఎన్ని వినలేదు! వానమాపకం కొనలేకపోతే పక్కలు నిట్టనిలువుగా వున్న డబ్బా ఒకటి, అందులో నిలబెట్టే స్కేలు ఒకటి చాలు. మసీదు గోడ మీదనో, పంచాయతీ ఆఫీసు గోడ మీదనో నల్ల బోర్డు. పొలం వైపు కొలిచేది రైతు, కాలనీ వైపు కొలిచేది హైస్కూలు పిల్లలు. ఇద్దరి అంకెలూ ఒకే బోర్డు మీద. ఒకరి అంకె ఒకరు సరిచూసుకొంటే మాట పట్టింపులు వుండవు.

అక్టోబరు వచ్చేసరికి రెండు పనులు కలిసి వస్తాయి. ఒకటి, ఇప్పుడు చెప్పిన యాసంగి లెక్క. రెండోది, 2015 నుంచి పంచాయతీలు ఏటా తయారు చేయవలసిన గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. దానికి గ్రామసభలు పెట్టే ప్రచారం సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. మనవాళ్లు గ్రామసభకు పోవడం తక్కువ, పోయినా వెనక వరసలో నిలబడి రావడమే. ఈసారి చేతిలో కాగితం పట్టుకొని పోదాము. “మా బోరు మట్టం జూన్‌లో ఇంత, సెప్టెంబరులో ఇంత, ఈ మలుపు దగ్గర చెక్‌డ్యాము కావాలి, ఈ వీధికి ఇంకుడు గుంతలు కావాలి” అని అంకెతో అడిగినవారి మాట తీర్మానంలోకి ఎక్కుతుంది. రైతులూ మనమూ ఒకే మాట అడిగితే ఇంకా సులువు. మున్సిపాలిటీలో కలిసిన కాలనీలకు వార్డు కమిటీ దగ్గర ఇదే పని.

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లాలో, ఇప్పుడు అహల్యానగర్ అంటున్నారు, హివరే బజార్ అని ఒక వూరున్నది. వాన మనకన్నా తక్కువ. 1990 నుంచి ఆ వూరు అయిదేండ్ల ప్రణాళిక వేసుకొని నడుస్తున్నది. వలస పోయినవారు తిరిగి వచ్చినారు. వాళ్లు కూడా ఏటా వాన చూసి, నీళ్ల జమా ఖర్చు వేసి, ఏ పంట ఎంత అన్నది తేల్చుకుంటారు. లోతు బోర్ల మీద పంటలు వద్దని కట్టడి చేసుకున్నారు. అక్కడ మంచి నాయకుడు దొరికినాడు అంటారు. నిజమే. నాయకుడు దొరకని వూళ్లకు బోర్డే దిక్కు. పాలమూరు మనిషి దేశమంతా డ్యాములు కట్టి వచ్చినవాడు, అతనికి నీటి లెక్క చెప్పనక్కరలేదు. వాడి సొంత వూళ్లో కొలిచే టేపు వాడి చేతికి ఇవ్వడమే మిగిలింది.

రెండో ఏటి నుంచి కట్టడాలు మొదలుపెట్టవచ్చును. ముందు మసీదు, షాదీఖానా, స్కూలు డాబాల నీరు ఇంకించే గుంతలు. ఆ తర్వాత మురుగు కాలువ, ఆ కాలువ మళ్లీ ఎవరి పొలంలోకి పోతుందో ఆ రైతును అడిగి మరీ. రోడ్డు అన్నిటికన్నా చివర, ఎందుకంటే ముందే వేస్తే పైపు కోసం మళ్లీ తవ్వుతాము. కొందరికి ఇది నచ్చదని మాకు తెలుసు. రోడ్డు కనిపిస్తుంది, ఇంకుడు గుంత కనిపించదు. చందా ఇచ్చినవారికి తమ పేరు రాసిన శిలాఫలకం కావాలనిపించడం మానవ సహజమే. ఇంకుడు గుంత పక్కన శిలాఫలకం పెట్టరాదని ఎవరూ అనలేదు. కావాలంటే పెట్టించండి.

పరదేశంలో వున్న మన పిల్లలు, దుబాయి, జిద్దా వెళ్లినవారు, చందా పంపుతున్నప్పుడు “ఏ పనికి?” అని అడుగుతున్నారు. అడగడం న్యాయమే. వారికి రశీదుతో పాటు ఈ బోర్డు మీది అంకెలు కూడా పంపుదాము. డబ్బు ఎక్కడికి పోయిందో దానితోనే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. పథకం డబ్బు ఆగగానే కొలత ఆగిన వూళ్ల సంగతి చెప్పినాము గదా. మన పనిలో జీతం ఇచ్చే ఉద్యోగం ఒక్కటీ పెట్టవద్దు. పదిహేను రోజులకు ఒకసారి అరగంట పని. నాలుగు ఇళ్లు వంతులు వేసుకొంటే నెలకు రెండుసార్లు టేపు దింపడం ఎవరికీ భారం కాదు. ఒక ఇల్లు మరిచినా రెండో ఇల్లు తలుపు తట్టాలి.

టేపు, డబ్బా, బోర్డు, ఒక బౌండు పుస్తకం. ఖర్చు పెద్దది కాదు, ఖజాంచి గారు ఇప్పటికే తల వూపినారు. పుస్తకం ఎవరి దగ్గర వుండాలి, మొదటి వంతు ఏ నాలుగు ఇళ్లది అన్నది మాత్రం తేలలేదు. పొలం వైపు ఇద్దరు, కాలనీ వైపు ఇద్దరు, అందులో కనీసం ఒకరు మన అక్కచెల్లెళ్లలో నుంచి పేరు ఇస్తే కార్యదర్శి గారు ఇక్కడనే రాసుకొంటారు. రాసుకున్న తర్వాతనే భోజనాలు వడ్డించవలసిందిగా కోరుతున్నాము.